నిండిన ఏడు, నడిచే ఏడు

మన గంజాం ప్రాంతంలో కొత్త సంవత్సరం ఒక్కసారి వచ్చి ఊరుకోదు. జనవరి 1న బడిలోను, బ్యాంకులోను, తపాలా కార్యాలయంలోను క్యాలెండరు మారుతుంది. చైత్ర శుద్ధ పాడ్యమినాడు చికిటిలోను, బరంపురంలోను తెలుగువారి ఇళ్లలో ఉగాది పచ్చడి చేసి పంచాంగం వింటారు. ఏప్రిల్ నడుమ మేష సంక్రాంతి వస్తుంది. ఒడియావారు దీనిని పణా సంక్రాంతి అంటారు. ఆనాడు పానకం పంచుతారు. ఊరూరా తిరిగిన దండనాట ఆనాటితో ముగుస్తుంది. భాద్రపద శుద్ధ ద్వాదశినాడు సునియా. పూరీ గజపతుల అంక సంవత్సరం ఆ రోజున మారుతుంది.

ఇన్ని సంవత్సరాదులు ఉన్నా మనకు తికమక లేదు. ఏ పండుగ ఏ లెక్కకు చెందినదో మనకు తెలుసు. కాని శతాబ్ది ఎప్పుడు మొదలవుతుంది అని అడిగితే చదువుకున్నవారు కూడా తడబడతారు. 1999 డిసెంబరు 31 అర్ధరాత్రి ప్రపంచంలోని అనేక నగరాలలో బాణసంచా కాల్చారు. కొత్త శతాబ్ది, కొత్త సహస్రాబ్ది వచ్చాయని సంబరపడ్డారు. అమెరికాలోని నౌకా వేధశాల, ఇంగ్లండులోని గ్రీనిచ్ వేధశాల మాత్రం, ఇంకా ఒక ఏడాది ఉంది, కొత్త శతాబ్ది 2001 జనవరి 1న మొదలవుతుంది అన్నాయి. ఎవరి మాట సరైనది? దీనికి జవాబు దొరకాలంటే ముందుగా మన నోట రోజూ మెలిగే రెండు మాటలను పరిశీలించాలి.

నిండడం, నడవడం

"పిల్లవాడికి పదేళ్లు నిండాయి" అంటాం. "పిల్లవాడికి పదో ఏడు నడుస్తోంది" అని కూడా అంటాం. ఈ రెండు మాటలకు అర్థం ఒకటి కాదు. పదో ఏడు నడుస్తున్న పిల్లవాడికి నిండినవి తొమ్మిదేళ్లే. పదేళ్లు నిండిన పిల్లవాడికి పదకొండో ఏడు నడుస్తూ ఉంటుంది. "పదకొండో ఏడు పడింది" అని పెద్దలు చెప్పేది దీనినే.

దారి పక్కన ఉండే కిలోమీటరు రాళ్లను చూడండి. రోడ్డు సున్న దగ్గర మొదలవుతుంది. 1 అని రాసి ఉన్న రాయి వద్దకు వచ్చేసరికి ఒక కిలోమీటరు నడవడం పూర్తయింది. రాతి మీది అంకె నిండినదానిని చెబుతుంది. తరగతి అంకె అలా కాదు. బడిలో చేరిన మొదటి రోజునుంచే పిల్లవాడు ఒకటో తరగతి. ఆ తరగతి ఇంకా పూర్తి కాలేదు, నడుస్తోంది. సున్నవ తరగతి అంటూ ఏదీ లేదు.

మన బరంపురంలో పుట్టి భారతదేశానికి రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారి జన్మదినం 1894 ఆగస్టు 10. ఆనాటి నుంచి ఆయన మొదటి ఏడు నడిచింది. ఒక ఏడు నిండింది 1895 ఆగస్టు 10న. ఆయన పుట్టి నూరేళ్లు నిండింది 1994 ఆగస్టు 10న. నూరవ ఏడు మాత్రం అంతకు ఏడాది ముందే, 1993 ఆగస్టు 10న మొదలైంది. నూరవ ఏడు రావడం వేరు, నూరేళ్లు నిండడం వేరు.

మన పెద్దలు "నిండు నూరేళ్లు వర్ధిల్లు" అని దీవిస్తారు. శతాబ్ది అంటే ఆ నిండు నూరేళ్లే. ఒక్క ఏడు తక్కువైనా అది శతాబ్ది కాదు. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే తక్కిన లెక్క సులువు.

రాజుల ఏళ్లు

పూర్వం అందరికీ ఉమ్మడిగా ఒక శకం ఉండేది కాదు. రాజు గద్దెనెక్కిన నాటినుంచి ఏళ్లు లెక్కపెట్టేవారు. గంజాం జిల్లాలో ఋషికుల్యా నది ఒడ్డున ఉన్న జౌగడలో అశోకుని శాసనాలు ఉన్నాయి. వాటిలో తన పట్టాభిషేకం నుంచి లెక్కించిన పన్నెండేళ్ల కాలాన్ని ఆ చక్రవర్తి పేర్కొన్నాడు. ఇటువంటి పద్ధతిలో రాజు మారగానే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. నూరేళ్లు ఏలిన రాజు లేడు కనుక ఆ లెక్కలో శతాబ్ది అనే మాటకు చోటు లేదు.

గజపతుల అంక సంవత్సరం కూడా రాజుల లెక్కే. అయితే దానిలో ఒక వింత ఉంది. 6 అనే అంకెను, 6తో గాని సున్నతో గాని ముగిసే సంఖ్యలను ఈ లెక్కలో విడిచిపెడతారు. 10ని మాత్రం ఉంచుతారు. అందువల్ల 5వ అంకం తరువాత వచ్చేది 7వ అంకం. 19వ అంకం తరువాత వచ్చేది 21వ అంకం. ఆ సంఖ్యలు అశుభమని జనం నమ్మేవారు. రాబర్ట్ సీవెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్ అనే పండితులు భారతీయ కాలగణనపై 1896లో ప్రచురించిన గ్రంథంలో మన గంజాం అంక లెక్కను వివరించారు. పర్లాకిమిడి, పెద్దకిమిడి, చిన్నకిమిడి జమీందారీలలో ఎవరి జమీందారు పేరున వారు ఈ ఏళ్లను చెప్పుకొనేవారని కూడా వారు రాశారు.

ఒక రైతు 5వ అంకంలో అప్పు తీసుకొని 21వ అంకంలో తీర్చాడు అనుకోండి. 21లోనుంచి 5 తీసివేస్తే 16. షావుకారు పదహారేళ్ల వడ్డీ అడగవచ్చు. కాని నడుమ 6, 16, 20 అనే అంకాలు రానేలేదు. గడిచినవి పదమూడేళ్లే. ఈ సంగతి తెలియని రైతు మూడేళ్ల వడ్డీ ఊరికే కట్టుకోవలసి వస్తుంది.

కనుక ఏటి మీద రాసిన అంకె ఒకటి, నిజంగా గడిచిన ఏళ్లు మరొకటి కావచ్చు. అంకెను చూసి మోసపోకుండా, ఆ లెక్క ఎలా మొదలైందో, ఎలా నడిచిందో తెలుసుకోవాలి.

శాలివాహన శకం, కలియుగం

రాజులు మారినా ఆగకుండా సాగే లెక్కను శకం అంటారు. శకం వచ్చాకనే శతాబ్దులను, సహస్రాబ్దులను లెక్కించే వీలు కలిగింది. మన పంచాంగాలలో శాలివాహన శక సంవత్సరం, కలియుగ సంవత్సరం కనిపిస్తాయి. ఈ రెండింటినీ సాధారణంగా "గతాబ్దాలు"గా చెబుతారు. గతాబ్దం అంటే గడిచిన ఏడు, అంటే నిండిన ఏడు. కిలోమీటరు రాళ్లవలె ఈ లెక్క సున్న నుంచి మొదలవుతుంది.

ప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త ఆర్యభటుడు తన వయస్సును ఈ లెక్కలోనే చెప్పాడు. కలియుగంలో అరవై అరవైలు, అంటే 3600 ఏళ్లు గడిచేసరికి తనకు ఇరవైమూడేళ్లు నిండాయని ఆయన తన గ్రంథంలో రాశాడు. అది క్రీ.శ. 499వ సంవత్సరం. యుగమూ నిండిన లెక్కే, వయస్సూ నిండిన లెక్కే కనుక ఇక్కడ ఏ సందేహానికీ తావు లేదు.

మన కళింగ చరిత్రలో మరొక చక్కని ఉదాహరణ ఉంది. పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకొన్న అనంతవర్మ చోడగంగదేవుని పట్టాభిషేకం శక సంవత్సరం 999లో జరిగింది. ఆయన రాజధాని కళింగనగరం. అదే వంశధారా తీరంలోని నేటి ముఖలింగం. ఆయన తామ్రశాసనంలో ఈ 999ని అంకెలలో కాక మాటలలో చెప్పారు. నందులు తొమ్మిదిమంది, దేహంలోని రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. ఈ మూడు మాటలు వరుసగా చెబితే 999 అవుతుంది. పండితులు లెక్క కట్టగా ఆ రోజు క్రీ.శ. 1078 ఫిబ్రవరి 17, శనివారం అని తేలింది.

ఇక్కడ 999 అంటే 999 ఏళ్లు నిండాయని అర్థం. నడుస్తున్నది వెయ్యవ ఏడు. సూర్యుడు కుంభరాశిలో ఉన్న సమయం కనుక ఆ ఏడు ముగియడానికి ఎన్నో రోజులు లేవు. అంటే శాలివాహన శకపు మొదటి సహస్రాబ్ది చివరి రోజులలో చోడగంగు కిరీటం ధరించాడు. తరువాతి ఉగాదికి వెయ్యేళ్లు నిండాయి. పంచాంగం మీద 1000 అని రాసిన రోజే రెండవ సహస్రాబ్ది మొదలైంది.

ఈ పద్ధతిలో సున్నలతో ముగిసే ఏడే కొత్త శతాబ్దికి మొదటి ఏడు. కలియుగంలో 5100 గతాబ్దాలు నిండింది 1999లో. కలియుగ లెక్కలో కొత్త శతాబ్ది అప్పుడే మొదలైంది. కాబట్టి సున్నలను చూసి సంబరపడేవారిని మనం తెలివితక్కువవారు అనరాదు. వారి అలవాటు గతాబ్దాల లెక్కకు సరిపోతుంది. ఇంతకూ క్రీస్తు శకం ఏ లెక్కకు చెందినది?

క్రీస్తు శకం మొదటి ఏడు

క్రీస్తు పుట్టిననాటినుంచి ఏళ్లు లెక్కించే పద్ధతిని రోములో నివసించిన డయోనీసియస్ అనే క్రైస్తవ సన్యాసి క్రీ.శ. 525లో ప్రవేశపెట్టాడు. ఈస్టరు పండుగ తేదీలను గణించేందుకు ఆయన ఒక పట్టిక తయారుచేశాడు. దానిలో ఏళ్లను "ప్రభువు యొక్క ఇన్నవ ఏట" అని రాశాడు. ఇది నడిచే ఏటి లెక్క. తరగతుల వలె ఇది ఒకటితో మొదలవుతుంది. రోమను అంకెలలో సున్నకు గుర్తు కూడా లేదు. సున్నతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో నియమాలు చెప్పిన బ్రహ్మగుప్తుని గ్రంథం మన దేశంలో వెలువడినది 628లో, అంటే డయోనీసియస్ పట్టిక తరువాత నూరేళ్లకు.

క్రీస్తుకు ముందటి ఏళ్లను వెనుకకు లెక్కించే అలవాటు ఇంగ్లండుకు చెందిన బీడ్ అనే పండితుని రచనతో ఎనిమిదవ శతాబ్దిలో కనబడింది. అప్పుడు కూడా నడుమ సున్న చేరలేదు. క్రీ.పూ. 1వ సంవత్సరం ముగిసిన మరునాడే క్రీ.శ. 1వ సంవత్సరం. అందువల్ల క్రీ.పూ. 5 జనవరి 1 నుంచి క్రీ.శ. 5 జనవరి 1 వరకు పదేళ్లు కావు, తొమ్మిదేళ్లే. ఈ చిక్కు తప్పించుకోవడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు తమ గణితంలో క్రీ.పూ. 1ని సున్నవ ఏడుగా రాసుకొంటారు. చరిత్ర పుస్తకాలలో మాత్రం సున్నవ ఏడు లేదు.

ఇప్పుడు నిండు నూరేళ్ల సూత్రాన్ని ఇక్కడ ప్రయోగించండి. మొదటి ఏడు 1. నూరవ ఏడు 100. ఆ నూరవ ఏడు డిసెంబరు 31తో నిండితే మొదటి శతాబ్ది పూర్తవుతుంది. రెండవ శతాబ్ది 101తో మొదలవుతుంది. ఇలా ముందుకు సాగితే,

మొదటి శతాబ్ది: 1 నుంచి 100 వరకు
రెండవ శతాబ్ది: 101 నుంచి 200 వరకు
ఇరవయ్యవ శతాబ్ది: 1901 నుంచి 2000 వరకు
ఇరవై ఒకటవ శతాబ్ది: 2001 నుంచి 2100 వరకు

రెండు సహస్రాబ్దులు నిండింది 2000 డిసెంబరు 31న. మూడవ సహస్రాబ్ది మొదలైనది 2001 జనవరి 1న. 2000 జనవరి 1నే మొదలైందని పట్టుబడితే ఏదో ఒక శతాబ్దికి తొంభైతొమ్మిదేళ్లే మిగులుతాయి. అది నిండు నూరేళ్లు కాదు.

మన అరవై సంవత్సరాల చక్రం కూడా ఈ మాటే చెబుతుంది. ప్రభవ మొదటిది, అక్షయ అరవయ్యవది. సున్నవ పేరు లేదు. అక్షయ ముగిశాక, అరవై ఒకటవ ఏట ప్రభవ మళ్లీ వస్తుంది. 1927లో వచ్చిన ప్రభవ 1987లో తిరిగి వచ్చింది. మళ్లీ 2047లో వస్తుంది. వి.వి. గిరిగారు పుట్టినది జయ నామ సంవత్సరం. ఆయనకు షష్టిపూర్తి అయిన 1954లో మరల జయ నామ సంవత్సరమే. షష్టి "పూర్తి" అన్నారు గాని, షష్టి "ప్రవేశం" అనలేదు. అరవైయ్యవ ఏడు రాగానే షష్టిపూర్తి చేసుకొనేవారు లేరు కదా!

పాత వివాదమే

ఈ తగాదా 1999లో పుట్టినది కాదు. నూరేళ్ల కిందట కూడా వచ్చింది. జర్మనీలో రెండవ విల్‌హెల్మ్ చక్రవర్తి ప్రభుత్వం 1900 జనవరి 1నే కొత్త శతాబ్ది మొదలైనట్లు పాటించింది. ఇతర దేశాలలో చాలామంది 1901 జనవరి 1 వరకు ఆగారు. ఆస్ట్రేలియాలోని ఆరు వలసరాజ్యాలు ఒకే దేశంగా ఏర్పడినది ఆ రోజుననే. కొత్త శతాబ్ది మొదటి రోజున కొత్త దేశం అవతరించింది.

మరి 1999 చివర అంత కలకలం ఎందుకు? దానికి మరొక కారణం కూడా ఉంది. పాత కంప్యూటర్లలో చోటు కలిసివస్తుందని సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే రాసేవారు. 99 తరువాత 00 వస్తే కంప్యూటరు దానిని 1900 అనుకొనే ప్రమాదం ఉండేది. ఆ చిక్కును సరిదిద్దే పనిలో వేలాది భారతీయ నిపుణులు, వారిలో తెలుగువారు, పాలుపంచుకొన్నారు. అది అంకెలు మారడం వల్ల వచ్చిన చిక్కు. నాలుగు అంకెలూ ఒక్కసారి మారడం చూడముచ్చటైన సంగతే. 1900 నుంచి 1999 వరకు కూడా నూరేళ్లే. కాని వాటిని "ఇరవయ్యవ శతాబ్ది" అని పిలవడం మాత్రం లెక్కకు నిలవదు.

ఒక్క ఏటి తేడా

ఒక్క ఏడు అటో ఇటో అయితే మనకు పోయేదేమిటి అని మీకు తోచవచ్చు. శతాబ్ది విషయంలో పోయేది పెద్దగా లేదు. పండుగ ఒక ఏడాది ముందు చేసుకొంటారు, అంతే. కాని ఇదే పొరపాటు మనిషి వయస్సు విషయంలో జరిగితే ఒక బ్రతుకే మారిపోతుంది.

2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం ఆడపిల్లకు పద్దెనిమిది ఏళ్లు, మగపిల్లవానికి ఇరవై ఒక్క ఏళ్లు నిండకముందు పెళ్లి చేయరాదు. చట్టంలోని మాట "నిండిన" ఏళ్లు. "అమ్మాయికి పద్దెనిమిదో ఏడు వచ్చింది, ఇక పెళ్లి చేయవచ్చు" అని ఇంట్లో ఎవరైనా అంటే, ఆ అమ్మాయికి నిండినవి పదిహేడేళ్లే అని మీరు గ్రహించాలి. ఆ ఒక్క ఏడు ఆమెకు చదువు పూర్తిచేసుకొనే ఏడు కావచ్చు. గంజాం జిల్లా యంత్రాంగం 2022 జనవరిలో తమ జిల్లాను బాల్యవివాహాలు లేని జిల్లాగా ప్రకటించింది. ఆ మాట నిలవాలంటే ప్రతి ఇంటిలోను ఏళ్లు సరిగా లెక్కపెట్టగలవారు ఉండాలి. ఆ పని బడికి వెళ్లే మీరు చేయగలరు.

ఓటు హక్కు కూడా అంతే. రాజ్యాంగపు 61వ సవరణ వల్ల 1989 నుంచి పద్దెనిమిది ఏళ్లకే ఓటు హక్కు లభించింది. అక్కడ కూడా నిండిన ఏళ్లే లెక్క. జనన ధ్రువపత్రంలో తేదీని జాగ్రత్తగా రాయించుకోవాలనేది ఇందుకే.

ఒకే రోజుకు అనేక పేర్లు ఉండవచ్చు. మద్రాసు రాజధానిలో ఉన్న మన గంజాం కొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో చేరిన రోజు 1936 ఏప్రిల్ 1. అది తెలుగు లెక్కలో ధాత నామ సంవత్సరం, శాలివాహన శకం 1858, కలియుగం 5037 గతాబ్దాలు, మద్రాసు రెవెన్యూ లెక్కలో ఫసలీ 1345. తాలూకా కచేరీలోని గుమాస్తా ఒక అంకె రాశాడు, పంచాంగకర్త మరొకటి రాశాడు. ఎవరూ తప్పు రాయలేదు. ఎవరి లెక్క ఎక్కడ మొదలైందో, వారు నిండిన ఏటిని రాశారో నడిచే ఏటిని రాశారో తెలిస్తే అన్నీ ఒకే రోజు వద్ద కలుస్తాయి.

కాబట్టి ఎవరైనా ఒక ఏటి సంఖ్య చెప్పినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ లెక్క ఎక్కడ మొదలైంది? ఇది నిండిన ఏడా, నడిచే ఏడా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిసినవారిని వడ్డీ లెక్కలోగాని, వయస్సు లెక్కలోగాని, శతాబ్ది లెక్కలోగాని ఎవరూ తప్పుదోవ పట్టించలేరు.

అభ్యాసం

1. "పదేళ్లు నిండాయి", "పదో ఏడు నడుస్తోంది" అనే వాక్యాలకు గల భేదాన్ని మీ మాటలలో వివరించండి.
2. శాలివాహన శకం 1000తో కొత్త సహస్రాబ్ది మొదలైంది. క్రీస్తు శకంలో 1001తో మొదలైంది. ఈ తేడాకు కారణం ఏమిటి?
3. ఒక రైతు 15వ అంకంలో భూమిని కౌలుకు తీసుకొని 27వ అంకంలో తిరిగి ఇచ్చాడు. నిజంగా గడిచినవి ఎన్ని ఏళ్లు?
4. గంజాం ఒరిస్సాలో చేరి నూరేళ్లు ఎప్పుడు నిండుతాయి? నూరవ ఏడు ఎప్పుడు మొదలవుతుంది?
5. 2010 జూన్ 5న పుట్టిన అమ్మాయికి పద్దెనిమిదో ఏడు ఎప్పుడు పడుతుంది? పద్దెనిమిది ఏళ్లు ఎప్పుడు నిండుతాయి?
6. మీ ఇంటిలోని పెద్దలు పుట్టిన తెలుగు సంవత్సరం పేరు అడిగి తెలుసుకోండి. ఆ పేరుగల సంవత్సరం మళ్లీ ఎప్పుడు వచ్చిందో, లేదా ఎప్పుడు వస్తుందో లెక్కించండి.
7. "నిండు" అనే మాట గల పలుకుబడులను ఐదింటిని సేకరించి సొంత వాక్యాలలో ప్రయోగించండి.